హథ్‌ఖోజ్‌లో నర్సుకు చోటెక్కడ?

భిలాయి ఉక్కు కర్మాగారానికి అనుబంధంగా పెరిగిన పారిశ్రామిక ప్రాంతాలలో హథ్‌ఖోజ్ ఒకటి. ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో ఉక్కు నగరానికి చేరువలో ఉన్న ఈ ప్రాంతంలో లోహాన్ని కరిగించేవి, పోత పోసేవి, యంత్ర భాగాలు తయారుచేసేవి అయిన చిన్న, మధ్య తరహా పరిశ్రమలు అనేకం ఉన్నాయి. 1955లో నాటి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన నాటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువారు ఉపాధి కోసం భిలాయికి తరలివస్తూనే ఉన్నారు. వచ్చినవారిలో మొదటి తరం మట్టి తవ్వింది, ఇటుకలు మోసింది. రెండో తరం లేత్ యంత్రాల వద్ద, కొలుముల వద్ద నిలిచింది. మూడో తరంలోని ఆడపిల్లలలో నర్సింగ్ చదువు ఎంచుకుంటున్నవారు ఉన్నారు. తండ్రి కర్మాగారానికి, కూతురు ఆసుపత్రికి డ్యూటీకి వెళ్లే ఇళ్లు ఇటువంటి పట్టణాలలో కొత్త కాదు.

అయితే చదువు ముగించి, రిజిస్ట్రేషన్ చేతికి వచ్చిన తర్వాత ఆ యువతి ముందు నిలిచే ప్రశ్నకు జవాబు చెప్పేవారు లేరు. ఆమె నర్సే, కాని ఏ నర్సు? ఏ పనిలో ఆమె మాటకు విలువ ఉంటుంది? పదేళ్ల తర్వాత ఆమె ఎక్కడ ఉంటుంది? వైద్యునికి ఈ చిక్కు అంతగా లేదు. ఎముకల వైద్యుడు జీవితాంతం ఎముకల వైద్యుడిగానే గుర్తింపు పొందుతాడు. నర్సుకు మాత్రం ఈ నెల ప్రసూతి వార్డు, వచ్చే నెల శస్త్రచికిత్స వార్డు, ఆపై నెల ఔట్ పేషెంట్ విభాగం. ఎక్కడ ఖాళీ ఏర్పడితే అక్కడ నింపవలసిన మనిషిగానే వ్యవస్థ ఆమెను చూస్తోంది.

మూడు దారులు

ప్రస్తుతం నర్సింగ్ పట్టభద్రులకు కనిపిస్తున్న దారులు మూడే. ఒకటి ప్రభుత్వోద్యోగం. జీతం, భద్రత ఉన్నప్పటికీ పోస్టులు పరిమితం, పోటీ అపారం. రెండవది ప్రైవేటు ఆసుపత్రి. అక్కడి వేతనాల పరిస్థితి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన విషయం విదితమే. భారత శిక్షణ పొందిన నర్సుల సంఘం దాఖలు చేసిన వ్యాజ్యంలో 2016 జనవరి 29న అత్యున్నత న్యాయస్థానం ఆదేశాల మేరకు కేంద్రం నిపుణుల కమిటీని నియమించింది. 200 పడకలు మించిన ప్రైవేటు ఆసుపత్రులలో రాష్ట్ర ప్రభుత్వ నర్సులతో సమానంగాను, 100 పడకలు మించినచోట అంతకు 10 శాతానికి మించి తగ్గకుండాను, 50 నుంచి 100 పడకల వాటిలో 25 శాతానికి మించి తగ్గకుండాను వేతనం ఉండాలని ఆ కమిటీ సూచించింది. 50 పడకల లోపు ఆసుపత్రులలో సైతం నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదన్నది. సిఫారసుల అమలు బాధ్యత రాష్ట్రాలపై పడింది. సిఫారసు వేరు, చట్టం వేరు అన్న సత్యం చిన్న నర్సింగ్ హోముల జీతాల పట్టీలను చూసినవారికి వివరించనక్కరలేదు.

మూడవ దారి విదేశం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం 2023 నాటికి ప్రపంచవ్యాప్తంగా 2 కోట్ల 98 లక్షల మంది నర్సులు ఉండగా, ఇంకా 58 లక్షల మంది కొరత ఉంది. ప్రతి ఏడుగురు నర్సులలో ఒకరు తాము పుట్టిన దేశం కాని దేశంలో పనిచేస్తున్నవారే. గల్ఫ్ దేశాలు మొదలుకొని బ్రిటన్, జర్మనీల దాకా భారతీయ నర్సులకు గిరాకీ ఉండడానికి కారణం ఇదే. కుటుంబాన్ని నిలబెట్టుకోవడానికి ఒక యువతి విమానం ఎక్కితే ఆమెను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కాని ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. విదేశీ ఆసుపత్రులు సైతం అభ్యర్థిని మొదట అడిగేది ఏ విభాగంలో ఎన్నేళ్ల అనుభవం ఉందనే. అన్ని వార్డులలో తలా మూడు నెలలు తిరిగిన నర్సు ఆ ప్రశ్న ముందు తడబడక తప్పదు. అంటే ఇంట ఉన్నా, పరదేశం పోయినా కావలసింది ఒక్కటే: ఇది నా పని అని చెప్పుకోగల ఒక రంగం.

పేరు మారితే చాలునా?

వృత్తి గౌరవం పెంచాలన్న ఉద్దేశంతో కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రులలో స్టాఫ్ నర్సు హోదాను నర్సింగ్ ఆఫీసర్‌గా మార్చారు. హర్షించదగిన చర్యే. అయితే హోదా మారినంత మాత్రాన అధికారం మారలేదు. రోగి పక్కన రాత్రంతా నిలబడిన నర్సు తన పరిశీలనపై తానే నిర్ణయం తీసుకోగల పరిధి ఏమిటన్నది చాలాచోట్ల అస్పష్టంగానే మిగిలిపోయింది. 1946లో భోర్ కమిటీ నర్సుల శిక్షణకు, సంఖ్యకు ప్రాధాన్యమివ్వాలని చెప్పింది. 1947లో భారత నర్సింగ్ మండలి చట్టం వచ్చింది. దాని స్థానంలో ఉద్దేశించిన జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టాన్ని పార్లమెంటు 2023లో ఆమోదించింది. అదే సంవత్సరం 1,570 కోట్ల రూపాయల వ్యయంతో 157 కొత్త నర్సింగ్ కళాశాలలకు కేంద్ర మంత్రివర్గం అంగీకారం తెలిపింది. వీటి నుంచి ఏటా సుమారు 15,700 మంది పట్టభద్రులు వస్తారని అంచనా.

సీట్లు పెంచడం అవసరమే. కాని ఆ పట్టభద్రులను ఏ పనికి ఉద్దేశించారన్నది సీట్ల లెక్కలో కనిపించదు. నర్సు గుర్తింపు ఆమె తెల్లని దుస్తులలో లేదు. సేవామూర్తి అన్న బిరుదులోనూ లేదు. ఏటా మే 12న ఫ్లారెన్స్ నైటింగేల్ పేరిట జరిగే సభలలో ఆ బిరుదు ఉదారంగానే లభిస్తుంది. మర్నాటి డ్యూటీ చార్టులో దాని జాడ ఉండదు. ఫలానా పనికి ఫలానా నర్సు బాధ్యురాలు అని లిఖితపూర్వకంగా ఉన్నప్పుడే వృత్తికి గుర్తింపు వస్తుంది. ఈ సంగతి భిలాయి వంటి ఉక్కు నగరంలో తెలిసినంత స్పష్టంగా మరెక్కడా తెలియదు.

గంటల లెక్క

2014 జూన్‌లో భిలాయి ఉక్కు కర్మాగారంలో కార్బన్ మోనాక్సైడ్ వాయువు వెలువడి ఆరుగురు మరణించారు. 2018 అక్టోబర్ 9న కోక్ ఓవెన్ విభాగంలో గ్యాస్ పైపులైను వద్ద జరిగిన ప్రమాదం పది మందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. క్షతగాత్రులకు సెక్టార్ 9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి, పరిశోధన కేంద్రంలో చికిత్స జరిగింది. కాలిన గాయాల చికిత్సా విభాగానికి ఆ ఆసుపత్రి మధ్య భారతంలో పేరెన్నికగన్నది. ఆ పేరు వెనుక శస్త్రవైద్యులు ఎంత ఉన్నారో నర్సులూ అంతే ఉన్నారు.

కాలిన రోగి విషయంలో మొదటి 24 గంటలు అత్యంత కీలకం. 60 కిలోల బరువున్న కార్మికునికి శరీరంలో 30 శాతం కాలిందనుకుంటే, వైద్యులు విరివిగా ఉపయోగించే పార్క్‌లాండ్ సూత్రం ప్రకారం మొదటి రోజు దాదాపు 7,200 మిల్లీలీటర్ల సెలైన్ జాతి ద్రవం ఎక్కించాలి. అందులో సగం, అనగా 3,600 మిల్లీలీటర్లు మొదటి ఎనిమిది గంటలలోనే వెళ్లాలి. ఈ ఎనిమిది గంటలను ఆసుపత్రికి చేరిన వేళ నుంచి కాక కాలిన వేళ నుంచి లెక్కించాలి. రోగి రెండు గంటలు ఆలస్యంగా చేరితే మిగిలిన ఆరు గంటలలోనే ఆ మోతాదు పూర్తికావాలి. సూత్రం ఆరంభానికి మాత్రమే పనికివస్తుంది. ఆ తరువాత గంట గంటకూ మూత్ర పరిమాణాన్ని కొలిచి, కిలో బరువుకు అర మిల్లీలీటరు చొప్పున, అంటే ఈ రోగికి గంటకు 30 మిల్లీలీటర్లు వస్తున్నదో లేదో చూసి ద్రవాన్ని హెచ్చించాలి, లేదా తగ్గించాలి. తక్కువైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎక్కువైతే ఊపిరితిత్తులకు నీరు చేరుతుంది. ఈ గంటల లెక్క రాసేది, తేడాను మొదట పసిగట్టేది నర్సే.

విషవాయువు సంగతీ అంతే. కార్బన్ మోనాక్సైడ్ పీల్చిన మనిషి వేలికి పల్స్ ఆక్సీమీటర్ తగిలిస్తే అంకెలు సవ్యంగానే కనిపించవచ్చు. రక్తంలో ఉన్నది ప్రాణవాయువో, విషవాయువో ఆ సామాన్య పరికరం వేరుచేయలేదు. అంకెను నమ్మి ఊరుకునే నర్సుకు, కొలిమి దగ్గర నుంచి వచ్చిన మనిషి తలనొప్పి అంటున్నాడు కనుక అంకెను నమ్మరాదు అని ఆక్సిజన్ మాస్కు అందుకునే నర్సుకు మధ్య ఉన్న తేడా ఒక ప్రాణం. ఈ తెలివి ఒక్క పుస్తకంతో రాదు. ఒకే విభాగంలో ఏళ్ల తరబడి పనిచేస్తే వస్తుంది.

అటువంటి నర్సును రెండేళ్ల తరువాత మరో వార్డుకు మార్చితే నష్టపోయేది ఎవరు? ఆసుపత్రుల నిర్వాహకులు చెప్పే కారణాన్నీ కొట్టివేయరాదు. నర్సుల కొరత ఉన్నచోట ఎవరిని ఎక్కడైనా నియమించగల వెసులుబాటు లేకపోతే వార్డులు నడవవు. కాలిన గాయాల విభాగంలో నిరంతరం పనిచేయడం మనసుకు భారమన్నదీ నిజమే. మార్పు కోరుకున్న నర్సుకు మార్పు ఇవ్వవలసిందే. కాని మార్పు నియమంగాను, కొనసాగింపు మినహాయింపుగాను ఉన్న నేటి పద్ధతి తలకిందులైనది. నైపుణ్యం సంపాదించిన వ్యక్తిని ఆ రంగంలోనే కొనసాగించడం నియమం కావాలి. కాలిన గాయాలు, అత్యవసర చికిత్స, ఇంటెన్సివ్ కేర్ వంటి రంగాలలో మౌలిక శిక్షణ అనంతర డిప్లొమాలను నర్సింగ్ మండలి రూపొందించింది. డిప్లొమా పొందినవారికి తగిన పోస్టు, దానికి తగిన భత్యం లేకపోతే ఆ చదువు గోడకు వేలాడే పటంగానే మిగులుతుంది.

ఆసుపత్రికి ముందు

కాలిన వేళ నుంచి గంటలు లెక్కించాలంటే ఆ వేళను ఎవరో ఒకరు రాసి ఉంచాలి. ప్రమాదం జరిగింది కర్మాగారంలో; లెక్క మొదలవుతున్నది ఆసుపత్రిలో. మధ్యలో పోయిన కాలానికి జవాబుదారీ లేదు. నర్సుకు మరో దిశ ఇక్కడే కనిపిస్తుంది. అది పారిశ్రామిక ఆరోగ్య రంగం.

ఇది కొత్త ఆలోచన కాదు. ఇంగ్లండులోని నార్విచ్ నగరంలో కోల్మన్ ఆవపిండి కర్మాగారం 1878లోనే ఫిలిప్పా ఫ్లవర్‌డే అనే నర్సును కార్మికుల కోసం నియమించింది. ఉదయం వైద్యునితో కలిసి పనిచేసి, మధ్యాహ్నం జబ్బుపడిన కార్మికుల ఇళ్లకు వెళ్లడం ఆమె విధి. మన దేశంలోనూ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షన్ 500 మందికి మించి కార్మికులున్న ప్రతి కర్మాగారంలో వైద్య, నర్సింగ్ సిబ్బంది అధీనంలో అంబులెన్స్ గది ఉండాలని నిర్దేశించింది. భోపాల్ దుర్ఘటన అనంతరం 1987లో చేసిన సవరణ ప్రమాదకర ప్రక్రియలు గల కర్మాగారాలలో కార్మికుల ఆరోగ్య రికార్డులను తప్పనిసరి చేసింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తిపర భద్రత కోడ్ కూడా అంబులెన్స్ గదికి 500 మంది పరిమితినే నిలబెట్టింది. నిర్దేశిత తరగతుల ఉద్యోగులకు ఏటా ఉచిత ఆరోగ్య పరీక్షలు జరపాలన్న నిబంధనను చేర్చింది.

చిక్కు ఈ పరిమితిలోనే ఉంది. ఉక్కు కర్మాగారం వంటి మహా సంస్థకు ఆసుపత్రే ఉన్నది. హథ్‌ఖోజ్ వంటి చోట్ల ఇరవై మందితో, యాభై మందితో నడిచే ఫౌండ్రీకి 500 అన్న అంకె అందనంత దూరం. పైగా 2020 కోడ్ ప్రకారం విద్యుత్తు వాడే కర్మాగారం అనిపించుకోవడానికే కనీసం 20 మంది కార్మికులుండాలి. 1948 చట్టంలో ఆ సంఖ్య 10 మాత్రమే. లోహం కరిగే వేడి, ఇసుక అచ్చుల ధూళి, యంత్రాల రొద మాత్రం కార్మికుల సంఖ్యను బట్టి తగ్గవు. సిలికా ధూళి ఊపిరితిత్తులను, రొద వినికిడిని మెల్లమెల్లగా కబళిస్తాయి. ప్రమాదాన్ని పత్రికలు రాస్తాయి. ఈ నెమ్మదైన నష్టాన్ని రాసేవారు లేరు.

దీనికి పరిష్కారం సాధ్యమే. ఒక్కో చిన్న పరిశ్రమకు ఒక్కో నర్సు అసాధ్యం కావచ్చు. పరిశ్రమలన్నీ కలిసి ఒక ఉమ్మడి అంబులెన్స్ గది ఏర్పాటు చేసుకోవడం అసాధ్యం కాదు. పారిశ్రామిక ప్రాంతానికి రోడ్లు, నీరు, విద్యుత్తు ఉమ్మడిగా సమకూరుతున్నప్పుడు ఆరోగ్యం ఎందుకు సమకూరరాదు? మూడు షిఫ్టులకూ నర్సు ఉండే గది, కాలిన చోట ధారగా పోయడానికి చల్లని నీరు, ఆక్సిజన్ సిలిండరు, వినికిడి, శ్వాస పరీక్షల పరికరాలు, ప్రతి కార్మికునికి ఒక ఆరోగ్య పుస్తకం ఉంటే మొదటి మెట్టు పడినట్లే. గాయంపై టూత్‌పేస్టు, సిరా పూసి ఆసుపత్రికి పరుగెత్తే బదులు ఇరవై నిమిషాల పాటు నీటి ధార కింద ఉంచాలని చెప్పే మనిషి దగ్గరలో ఉండడమే ఒక చికిత్స. శ్రీకాకుళం నుంచి నిన్ననే వచ్చి, హిందీ సరిగా రాని కార్మికునికి తెలుగులో జవాబు చెప్పగల నర్సు ఆ గదిలో ఉంటే మరీ మేలు. భిలాయి తెలుగు ఆడపడుచుకు తెలుగు, హిందీ, ఛత్తీస్‌గఢీ మూడూ వచ్చు. ఏ విశ్వవిద్యాలయమూ ఇవ్వని అర్హత అది.

ఖర్చు ఎవరిదన్న ప్రశ్న సహజం. చిన్న పరిశ్రమల యజమానులు బడా సంస్థల బిల్లులు ఆలస్యమవుతున్నాయని, ముడిసరుకు ధరలు నిలకడగా లేవని వాపోవడం అకారణం కాదు. కాని కార్మికుల రాజ్య బీమాకు వేతనంలో 3.25 శాతం యజమాని, 0.75 శాతం కార్మికుడు చెల్లించాలని 2019 జూలై నుంచి నిర్ణయించారు. ఆ సొమ్ము ప్రధానంగా జబ్బు చేసిన తరువాత ఖర్చవుతోంది. జబ్బు రాకుండా చూసే నర్సుకు అందులో కొంత కేటాయించడం బీమా సంస్థకూ లాభదాయకమే. ఉపకరణాలను, భాగాలను కొనుగోలు చేసే పెద్ద కర్మాగారాలు సైతం నాణ్యతకు షరతులు విధించినట్లే కార్మికుల ఆరోగ్య రికార్డుకూ షరతు విధించవచ్చు.

కరీంనగర్ నేర్పిన పాఠం

నర్సుకు స్పష్టమైన రంగం, హోదా కల్పిస్తే ఏమవుతుందన్న దానికి తెలుగునాటనే ఉదాహరణ ఉంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం, ఫెర్నాండెజ్ సంస్థ, యునిసెఫ్ కలిసి కరీంనగర్ ప్రభుత్వాసుపత్రిలో 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించాయి. సాధారణ కాన్పులను స్వతంత్రంగా నిర్వహించగల నిపుణులుగా వారిని తీర్చిదిద్దడం లక్ష్యం. మరుసటి సంవత్సరం, 2018లో, దేశమంతటికీ మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలను కేంద్రం వెలువరించింది. అంతకుముందు వారు కూడా స్టాఫ్ నర్సులే. కొత్తగా వచ్చినది పని పరిధి. ఛత్తీస్‌గఢ్‌కూ ఇటువంటి అనుభవం ఉంది. 2002లో ఈ రాష్ట్రం ఆరంభించిన మితానిన్ పథకమే తరువాత దేశవ్యాప్త ఆశా కార్యకర్తల వ్యవస్థకు ఒరవడి అయింది. గ్రామంలోని మహిళకు నిర్దిష్టమైన పని, పేరు ఇచ్చిన రాష్ట్రం శిక్షణ పొందిన నర్సుకు కర్మాగారం గేటు వద్ద ఒక చోటు ఇవ్వలేదా?

వైద్యులలో కొందరికి నర్సుల స్వతంత్ర బాధ్యతపై సందేహాలున్నాయి. అర్హతకు మించిన పని అప్పగిస్తే రోగికి ముప్పన్న వాదనలో న్యాయం ఉంది. అందుకు జవాబు శిక్షణ, రాతపూర్వక పరిధి, జవాబుదారీ. పరిధి రాయకుండా రాత్రివేళ బాధ్యతను మాత్రం నర్సుపైనే వదిలివేసే నేటి ఏర్పాటు కంటే అది రోగికి క్షేమకరం.

ఇక యువ నర్సులు సైతం తమ వంతు ఆలోచించవలసి ఉంది. చదువు ముగిసిన వెంటనే దారి తెలియకపోవడం దోషం కాదు. మొదటి ఏడాది రెండేళ్లు సాధారణ వార్డులో చేయి తిరగడం అవసరమే. ఆ కాలంలో ఏ పని చేస్తున్నప్పుడు గడియారం వంక చూడలేదో, ఏ రోగి విషయంలో ఇంటికి వెళ్లాక కూడా పుస్తకం తిరగేయాలనిపించిందో గుర్తుంచుకుంటే దిశ దానంతటదే తెలుస్తుంది. ఆ పైన దానికి తగిన డిప్లొమా, ఉన్నత విద్య ఎంచుకోవాలి. ఎక్కువ జీతం కోసమైనా సరే, ఒక రంగంలో నిలకడగా అనుభవం గడించినవారికే బేరమాడే శక్తి ఉంటుంది.

హథ్‌ఖోజ్ కార్మికుని కూతురు నర్సు అయితే ఆ ఇంటికి ఒక జీతం వస్తుంది. ఆమె కాలిన గాయాల నర్సుగానో, కర్మాగార ఆరోగ్య నర్సుగానో స్థిరపడితే ఆ ప్రాంతానికే రక్షణ వస్తుంది. ఆమె తండ్రి పనిచేసే కొలిమి వద్ద రేపు ఎవరికైనా నిప్పంటుకుంటే, వేళ ఎంతయిందో రాసుకునే మనిషి ఉంటుంది. నిర్ణయం తీసుకోవలసినవారు రాయ్‌పూర్‌లోనూ ఢిల్లీలోనూ ఉన్నారు. జాప్యానికి మూల్యం చెల్లిస్తున్నవారు మాత్రం కొలిమి ముందు ఉన్నారు.